నాలుగు అరచేతుల మీద కారు

శ్రీకాకుళం వెళ్ళినవాళ్ళు అరసవల్లి చూడకుండా వెనక్కి రారు. అక్కడ సూర్యనారాయణమూర్తిది ఏడు గుర్రాల రథం. తోలేవాడు అనూరుడు, అంటే తొడలు లేనివాడు. ఆ రథానికి చక్రం కూడా ఒక్కటేనని పురాణాలు చెబుతాయి. ఒంటి చక్రం, నడవలేని సారథి, అయినా ఒక్క పూట ఆలస్యం లేదు! దేవుడి బండి కనక చెల్లింది. మానవమాత్రుల బండికి నాలుగు చక్రాలున్నా నమ్మకం లేదు.

ఆ పక్కనే ముఖలింగం. అది రాజధానిగా ఏలిన గంగవంశం వారే తరవాత కటకం వైపు తరలిపోయి, 13వ శతాబ్దంలో కోణార్కలో సూర్యుడికి రాతిరథం కట్టించారు. దానికి 24 చక్రాలు. ఒక్కొక్కటి సుమారు పదడుగుల ఎత్తు. ఎనిమిది లావు ఆకులు, ఎనిమిది సన్న ఆకులు, వాటినిండా నగిషీ. ఎంత అందమైన చక్రాలో! అయితే అవి తిరగవు. తిరగని చక్రానికి అందం ఒక్కటే చాలు. తిరిగే చక్రానికి మాత్రం అందం ఆఖర్న చూడవలసిన సంగతి.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఈ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ చక్రాల రగడ ఒకటి మొదలయింది. విజయనగరంలో అయినా, పలాసలో అయినా, కాస్త జోరుగా పోయే చిన్న కారు ఒకటి ఇంటికొస్తుంది. కొన్న ఆర్నెల్లకి అబ్బాయో అమ్మాయో, "అమ్మా, చక్రాలు మార్పిస్తాను. అల్లాయ్ వీల్సు, వెడల్పు టైర్లు" అంటారు. "ఏటిరా, ఉన్నవి తిరగడం లేదా?" అంటుంది తల్లి. తండ్రి పేపరు అడ్డం పెట్టుకుంటాడు. చివరికి పెట్టె తాళం ఎవరి దగ్గరుంటే తీర్పు కూడా వాళ్ళే చెప్పాలి. తీర్పు చెప్పేవాళ్ళకి సంగతి తెలియద్దూ? చక్రాల చరిత్ర కాస్త తిరగేస్తే ఈ పేచీకి సమాధానం దానంతటదే దొరుకుతుంది.

ముందు మన నాటుబండి దగ్గిరనుంచే వద్దాం. నౌపడా ఉప్పుకొటార్ల నుంచి ఉప్పూ, పల్లెల నుంచి నెల్లిమర్ల మిల్లుకి గోగునారా, కళింగపట్నం, భీమిలి రేవులకి సరుకులూ మోసింది ఆ బండే. దాని చక్రం నాలుగైదడుగుల ఎత్తు. మధ్యని లావుపాటి మొద్దు, దానిలోంచి ఆకులు, చుట్టూ కర్ర వంపులు, ఆపైన ఇనప పట్టా. ఆ పట్టా తొడగడం చూడ్డానికి ఊరి పిల్లలంతా మూగేవారు. చక్రంకన్నా రవంత చిన్నదిగా చేసిన ఇనప కట్టుని పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. వేడికి అది సాగుతుంది. పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, బిందెల కొద్దీ నీళ్ళు గుమ్మరిస్తారు. బుస్సుమని ఆవిరి లేచి, ఇనుము ముడుచుకుని కర్రని బిగించి పట్టుకుంటుంది. మేకూ లేదు, జిగురూ లేదు. వడ్రంగి, కమ్మరి ఇద్దరూ కలిస్తేగాని ఒక చక్రం లేదు.

అంత ఎత్తు చక్రం ఎందుకూ అంటే, గతుకులూ ఇసకా దాటడానికి. చిన్న చక్రం గోతిలో పడితే లేవదు. పెద్ద చక్రం గోతి మీద నుంచి నడిచిపోతుంది. కాని ఆ ఎత్తుకి తగ్గ బరువు కూడా ఉంది. ఆ బరువంతా ఎద్దు మెడ మీదే. రోడ్డుని బట్టి చక్రం అన్నది మొదటి పాఠం. చక్రం బరువు ఊరికే పోదు, ఎవరో ఒకరు మొయ్యాలి అన్నది రెండో పాఠం.

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి చెట్టు వెతికేటప్పుడు సిరిమానుకి ఒక చింతచెట్టూ, ఇరుసుమానుకి మరో చింతచెట్టూ చూస్తారు. అందరూ కళ్ళెత్తి చూసేది పైన పూజారి కూచునే సిరిమానునే. కింద మోసే ఇరుసుని చూసేవాళ్ళు తక్కువ. అయినా పసుపూ కుంకుమా దానికీ ఉన్నాయి. మోసేదాన్ని మరిచిపోకూడదని పెద్దవాళ్ళకి తెలుసు.

ఇక రబ్బరు కథ. పచ్చి రబ్బరు ఎండకి జిగురై అంటుకునేది, చలికి పెళుసై విరిగేది. 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడియర్ అనే ఆయన గంధకం కలిపి కాచి దాన్ని దారికి తెచ్చాడు. 1845లో రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండ్ ఆయన గాలితో నింపిన చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. గుర్రపు బళ్ళ కాలం కదా, ఎవరూ పట్టించుకోలేదు. 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యం చేసుకునే జాన్ బాయిడ్ డన్‌లప్ కొడుకు మూడు చక్రాల సైకిలు గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంటే చూడలేక రబ్బరు గొట్టంలో గాలికొట్టి చక్రానికి చుట్టాడు. చూశారా, పిల్లవాడి ముచ్చట తీర్చడానికి పుట్టిందే గాలిటైరు! కాబట్టి "చక్రాలు మార్పించు" అని పిల్లలు పేచీ పెట్టడం కొత్తేమీ కాదు.

కారుకి గాలిటైరు తొడిగి పరుగుపందెంలో దిగినవాళ్ళు ఫ్రాన్సులో మిషెలిన్ అన్నదమ్ములు. 1895లో పారిస్ నుంచి బోర్డో పోయి తిరిగొచ్చే పందెం అది. దారి పొడుగునా పంక్చర్లే. గడువు దాటి ఆఖర్న వచ్చారు. అందరూ నవ్వారు. కాని కొన్నేళ్ళు తిరక్కుండా కార్లన్నీ గాలిటైర్లకే వచ్చాయి. టైరు అప్పట్లో తెల్లగా ఉండేది. 1910 తరవాత దానిలో మసి కలపడం బాగా అలవాటయింది. మనం దీపం మీద పళ్ళెం బోర్లించి కాటుక పడతామే, ఆ జాతి మసే. దాంతో రబ్బరుకి అరుగుదల తగ్గి ఆయుష్షు పెరిగింది. కాటుక కంటికే కాదు, టైరుకి కూడా రక్షే అన్నమాట. మన దేశంలో 1936లో బెంగాలులోని సాహాగంజ్‌లో డన్‌లప్ ఫ్యాక్టరీ వచ్చింది. 1946లో మద్రాసులో బొమ్మ బెలూన్లు చేస్తూ మొదలైన ఎమ్మారెఫ్ 1961 నాటికి టైర్లలో దిగింది. క్రమంగా మన పల్లెల్లో ఇనప పట్టా బళ్ళ పక్కన టైరుబళ్ళు కనపడ్డాయి. అదే ఎడ్ల జత, అదే దారి. మునుపటికన్నా ఎక్కువ బరువు తేలిగ్గా లాగాయి.

టైరు అసలు చేసే పనేమిటో తెలియాలంటే మన కోడి రామమూర్తి నాయుడుగారిని తలుచుకోవాలి. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సర్కస్ కంపెనీ పెట్టి, కలియుగ భీముడనిపించుకున్న మహానుభావుడు. గుండెల మీద ఏనుగు నెక్కించుకునేవారు. రెండు కార్లకి గొలుసులు కట్టి, వాటిని రెండు చేతులతో బిగించి పట్టి కదలకుండా ఆపేవారు. విశాఖపట్నంలో వైస్రాయి మింటో ప్రభువు కారుని కూడా అలాగే నిలబెట్టారని పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. ఇంజను రొద పెడుతూనే ఉంటుంది, కారు కదలదు!

ఆయన బలానికి చేతులెత్తి నమస్కరిస్తూనే ఒక్క సంగతి గమనించండి. కారులో ఎన్ని గుర్రాల శక్తి ఉన్నా, టైరు నేలని ఎంత గట్టిగా పట్టుకుంటే అంతవరకే ఆ కారు లాగగలదు. పట్టు చాలకపోతే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. లాగడానికే కాదు, ఆగడానికీ, మలుపు తిరగడానికీ ఇదే లెక్క. బ్రేకు ఎంత మంచిదైనా అది ఆపేది చక్రాన్ని. కారుని ఆపేది టైరు. ఒక్కో టైరు నేలకి తగిలే చోటు సుమారు మన అరచేతిలో పట్టేంత. నాలుగు టైర్లకీ కలిపి నాలుగు అరచేతులు. ఆ కాస్త రబ్బరు మీద మీ ఆయన, మీ పిల్లలు, పెట్టె బేడా, అన్నీ పరిగెడుతుంటాయి. తీర్పు చెప్పేటప్పుడు తలుచుకోవలసింది ఇదే.

ఇప్పుడు బరువు సంగతి. మన ఇళ్ళల్లో తిరగలి ఉండేది కదా. తిప్పడం మొదలెట్టేటప్పుడు భుజాలు లాగేస్తాయి. ఒకసారి అందుకున్నాక దానంతటదే తిరుగుతుంది. ఆపుదామంటే మళ్ళీ ఆగదు. బరువు చక్రం కూడా అంతే. కారు కదిలించాలన్నా కష్టం, ఆపాలన్నా కష్టం. చక్రం ముందుకి పోవడమే కాక తన చుట్టూ తాను తిరగాలి కూడా. అందుచేత వేగం అందుకునేటప్పుడు చక్రం అంచున ఒక కిలో బరువు, డిక్కీలో రెండు కిలోల బరువుతో సమానం. ఇంకో సంగతి. బిడ్డని చంకనేసుకుని మైలు దూరం నడిచిన తల్లులున్నారు. అంత బరువు కాళ్ళకి కడియాలుగా వేస్తే నడవగలమా? కారులో మనుషుల బరువుని స్ప్రింగులు మోస్తాయి. చక్రం బరువు స్ప్రింగుల కింద ఉంటుంది. అది ఎక్కువైతే గతుకు తగిలినప్పుడు చక్రం ఎగిరి, వెంటనే నేల మీదికి రాలేదు. ఆ క్షణం అరచేయి నేలని వదిలేసినట్టే.

ఈ కిటుకు పట్టుకున్నవాడు ఎత్తోరె బుగాటి. 1924లో ఫ్రాన్సులోని లియాన్ పందానికి తన కొత్త కార్లు తెచ్చాడు. వాటికి పోతపోసిన అల్యూమినియం చక్రాలు. వెడల్పాటి ఎనిమిది ఆకులతో చూడముచ్చటగా ఉన్నాయి. అంతా నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు. పందెం మొదలయ్యాక ఏమైందంటారా? టైర్లు సరిగ్గా పక్వం కాలేదు. పరిగెడుతుంటే పైపొరలు ఊడిపోవడం మొదలెట్టాయి. బుగాటి కార్లు వెనకబడ్డాయి. తరవాత మంచి టైర్లతో ఆ కార్లే ఎన్నో పందాలు గెలిచాయి, అది వేరే సంగతి. చక్రం బంగారమైనా టైరు మంచిది కాకపోతే అంతే!

1959లో ఇంగ్లండులో అలెక్ ఇసిగోనిస్ అనే ఆయన మినీ అనే బుల్లి కారు తయారుచేశాడు. దాని చక్రం పదంటే పదే అంగుళాలు. "బొమ్మకారు" అన్నవాళ్ళున్నారు. ఆ బొమ్మే 1964, 1965, 1967 సంవత్సరాల్లో మాంటికార్లో ర్యాలీలో, మంచు కొండల మలుపుల్లో, పెద్దపెద్ద కార్లని వెనకేసి గెలిచింది.

తేలికతనం గురించి దూరదేశాల కథలే అక్కర్లేదు. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేయించారు పర్లాకిమిడి రాజావారు. దాని పేరే లైట్ రైల్వే. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు. చిన్న పట్టాలు, చిన్న చక్రాలు, తక్కువ ఖర్చు. నూరేళ్ళు ఆ ప్రాంతాన్ని ఆదుకుంది. బరువులు పెరిగి, అవసరాలు మారాక 2004లో ఆగి, 2011లో పెద్ద లైనుగా మళ్ళీ వచ్చింది. తేలికతనం గొప్పదే, కాని చేసే పనికి సరిపోయినంత వరకే గొప్పది.

మన కార్ల కథా అలాగే నడిచింది. అంబాసిడర్‌కి 15 అంగుళాల చక్రం, కారు బరువు టన్ను పైచిలుకు. ఫియట్‌కి 14 అంగుళాలు. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చినప్పుడు దాని చక్రం 12 అంగుళాలే. అంబాసిడర్ పక్కన నిలబెడితే తండ్రి పక్కన చంటిపిల్లలా ఉండేది. బరువు తక్కువ కనకనే చిన్న ఇంజనుతో చెంగుచెంగున ఉరికింది. తరవాతి చిన్న కార్ల జోరంతా ఆ తేలికలోంచి పుట్టిందే. అలాంటి కారుకి బరువైన చక్రాలు వెయ్యడమంటే, తేళ్ళు కుట్టినట్టు పరిగెత్తే దూడ మెడలో గుదిబండ కట్టడమే.

అల్లాయ్ అంటే మిశ్రమలోహం. మనకిది కొత్త కాదు. సారవకోట దగ్గర బుడితి కంచు పనివారిని అడగండి. రాగీ తగరం కలిస్తే కంచు, రాగీ తుత్తునాగం కలిస్తే ఇత్తడి. అల్లాయ్ చక్రం కూడా అల్యూమినియంలో సిలికాన్ వగైరాలు కలిపి పోతపోసిందే. పోతసామాను కాస్త మందంగా ఉంటేగాని గట్టిగా ఉండదు. సమ్మెట కింద సాగగొట్టింది పలచగా ఉన్నా గట్టిగా ఉంటుంది. చక్రాల్లోనూ ఆ రెండు రకాలున్నాయి. మరయంత్రాల ఒత్తిడి కింద సాగగొట్టిన చక్రం తేలిక, గట్టి, ధర మాత్రం గుండె ఝల్లుమనేటంత. అంగళ్ళలో ఎక్కువగా దొరికేవి పోతచక్రాలు. వాటిలో కొన్ని చూపులకి జిగేలుమంటాయి గాని, తూచి చూస్తే మామూలు ఇనప చక్రమంత బరువుంటాయి. పైన పటారం, లోన లొటారం! అందుచేత అల్లాయ్ అనగానే తేలిక అనుకోకండి. బంగారం కొనేటప్పుడు ఎలా తూయిస్తామో చక్రాన్నీ అలాగే కాటా మీద పెట్టించండి. పాతదీ కొత్తదీ పక్కపక్కని తూస్తే సగం పేచీ అక్కడే తీరిపోతుంది. గోతిలో పడితే ఇనప చక్రం వంగుతుంది, చరిచి సరిచేస్తారు. అల్లాయ్ చక్రం పగులుతుంది. పగిలినదాన్ని అతికించి వాడడం ప్రమాదం.

కొలత మార్చినా చుట్టుకొలత మారకూడదు. టైరు పక్కన 165/80 ఆర్ 14 అని ఉందనుకోండి. వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో నూటికి 80 వంతులు, చక్రం 14 అంగుళాలు. మొత్తం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు. దాని బదులు 185/65 ఆర్ 15 వేస్తే సుమారు 621. తేడా లేదు, సరిపోతుంది. అంతకన్నా బాగా పెద్దదైతే మీటరు తక్కువ వేగం చూపిస్తుంది, మలుపులో టైరు ఒరుసుకుంటుంది. చక్రం పెరిగినకొద్దీ రబ్బరు గోడ పలచనవుతుంది. సాలూరు ఘాట్‌లోనో, శృంగవరపుకోట నుంచి అరకు ఎక్కే దారిలోనో మలుపులకి పలచని గోడ బాగుంటుంది. ఊళ్ళోని గతుకులకి మాత్రం ఆ దెబ్బంతా చక్రానికీ మన నడుముకీ తగులుతుంది. చిన్న కారుకి ఒక్క అంగుళం పెంచితే ముచ్చట తీరినట్టే, మూడంగుళాలు పెంచితే గోరుచుట్టు మీద రోకటిపోటే.

వెడల్పు టైరు ఎండలో బాగా పడుతుంది. వానలో సంగతి వేరు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన జిల్లాలు మనవి. రోడ్డు మీద నీళ్ళు నిలిచినప్పుడు టైరు గాళ్ళు ఆ నీళ్ళని పక్కకి తోసెయ్యాలి. గాళ్ళు అరిగిపోతే టైరు నీటి మీద తేలిపోతుంది. స్టీరింగు తిప్పినా కారు తిరగదు. వెడల్పు ఎక్కువైతే ఈ తేలడం ఇంకా తొందరగా వస్తుంది. గాళ్ళ మధ్య చిన్న గడ్డలుంటాయి, రబ్బరు అరిగి వాటికి సమమైతే టైరు ఆయుష్షు చెల్లినట్టే. పట్టు ఎక్కువుండే మెత్తరబ్బరు టైర్లు తొందరగా అరుగుతాయి. ఖర్చు లెక్కలో ఇదీ వెయ్యండి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 3224 అంటే 2024లో 32వ వారం తయారైందని. కందిపప్పు పాతదో కొత్తదో చూసి కొనే మనం దీన్ని చూడకుండా కొంటామా? రెండు టైర్లే మార్చే వీలుంటే కొత్తవి వెనక్కి వేయించండి. కారు వెనక భాగం జారితే సర్దుకోవడం చాలా కష్టం. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీద ఉంటుంది. దాన్ని నెలకోసారి, కారు చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. ఇన్సూరెన్సు వాళ్ళకి మార్పు సంగతి ముందే తెలియజెయ్యాలి.

కాబట్టి ఆ తీర్పు ఇలా చెప్పచ్చు. "డబ్బులిస్తాను. ముందు నాలుగు మంచి టైర్లు. మిగిలితే తేలికైన చక్రాలు, అవీ నా ఎదురుగా తూచాక. ఇంకా మిగిలితే అప్పుడు అందం." పిల్లలు మూతి ముడుచుకుంటారు. మరేం ఫరవాలేదు. వానరాత్రి ఘాట్ రోడ్డు దిగి, వీధి మలుపు తిరిగి, గుమ్మం ముందు కారు ఆగిన చప్పుడు వినపడితే తల్లికి అంతకన్నా కావలసిందేముంది?